పడమటికి పోయే నీలి రెక్కలు



అక్టోబరు నెల చివరికొచ్చాం. నైరుతి వానలు వెనక్కి తగ్గాయి. ఈశాన్య వానలు ఇంకా గట్టిగా అందుకోలేదు. ఈ రెంటికీ నడుమ నాలుగు రోజులు తెరిపిస్తుంది చూడండి, ఎండ కాస్త చురుక్కుమంటుంది, గాలి తేలిగ్గా ఉంటుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే మన తూర్పు కనుమల నుంచి, మైదానాల నుంచి సీతాకోకచిలుకలు పడమటి కనుమలకు బయలుదేరతాయి. ఒకటీ రెండూ కాదు, వేలకు వేలు. మనం బస్సు కిటికీలోంచి వాటిని చూస్తూనే ఉంటాం. చూసి మరిచిపోతాం. సీతాకోకచిలుక అంటే పూవు మీద వాలేది, కాసేపు అటూ ఇటూ తిరిగేది అనుకుంటాం కదా. అది ఎక్కడికో ప్రయాణం కట్టిందన్న ఊహే రాదు.

వాటిని చూడ్డానికి ఎలా వెళ్ళాలో, వెళ్ళి ఏం చూడాలో ఈ రోజు చెబుతాను. ముందుగా ఒక్క మాట. ఇదొక్కటి గుర్తుంటే చాలు, మిగతావి మరిచిపోయినా ఫరవాలేదు. రెక్కల రంగు తరవాత చూద్దురుగాని, ముందు దిక్కు చూడండి. అవును, దిక్కు.

తిండి వెతుక్కునే సీతాకోకచిలుక తిన్నగా పోదు. ఒక పూవు దగ్గర ఆగుతుంది, ఇంకో పూవు దగ్గర తచ్చాడుతుంది, వచ్చిన దారినే మళ్ళీ వస్తుంది. వలస పోయే దాని తీరు వేరు. చెట్టు అడ్డొస్తే పైనుంచి దాటుతుంది. గోడ అడ్డొస్తే గోడ ఎక్కి దిగుతుంది. అంతేగాని పక్కకు మళ్ళదు. దిగాక మళ్ళీ అదే ఎత్తు, అదే దిక్కు. కాసేపటికి దాని వెనకే ఇంకొకటి. ఆ వెనక మరో రెండు. అన్నీ ఒకే వైపు. అలా కనబడితే మీ ముందు నుంచి వలస వెళ్తోందన్నమాట.

మొన్న ఆదివారం మేం కొంతమందిమి తిరుపతి నుంచి తలకోన వైపు వెళ్ళాం. భాకరాపేట కనుమ ఎక్కి, నెరబైలు మీదుగా పోయే దారి అది. మాతో బడిపిల్లలున్నారు, కాలేజీ కుర్రాళ్ళున్నారు, తపాలా శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనా, ఆయన భార్యా ఉన్నారు. చీకటుండగానే బయలుదేరాం. అంత పొద్దున్నే ఎందుకని పిల్లలు సణిగారు. ఎందుకంటే, నిద్రపోతున్న సీతాకోకచిలుకల్ని చూడాలంటే ఎండ రాకముందే వెళ్ళాలి.

రోడ్డు దిగి చిన్న వాగు గట్టున కొంచెం లోపలికి నడిచాం. అక్కడొక చెట్టును అల్లుకున్న ఎండిన తీగ ఉంది. తీగ నిండా ఎండుటాకులు వేలాడుతున్నాయి. పెద్దాయన భార్య దగ్గరికి వెళ్ళి చూసి, "ఏమండీ, ఈ ఆకులకి కాళ్ళున్నాయండీ" అన్నారు. నిజమే. అవన్నీ రెక్కలు మూసుకుని తలకిందులుగా వేలాడుతున్న సీతాకోకచిలుకలు. ఒకదాన్నొకటి ఆనుకుని, కొమ్మకొమ్మకూ వరసగా. రెక్కల అడుగుభాగం గోధుమరంగులో ఉంది కాబట్టి మూసుకుని ఉన్నప్పుడు ఎవరికీ ఆనవు.

తరవాత ఎండ వచ్చింది. కొండ అంచు దాటి మొదటి కిరణం ఆ తీగ పైకొమ్మను తాకింది. పైన ఉన్నవి ముందు రెక్కలు విప్పాయి. ఎండ కిందికి జారేకొద్దీ కింద ఉన్నవీ విప్పాయి. అప్పటిదాకా గోధుమరంగులో ఉన్న తీగ పైనుంచి కిందికి నీలంగా మారుతూ వచ్చింది. నల్లని రెక్క మీద లేత నీలం చారలు, నీలం చుక్కలు. కాసేపు అలాగే ఉన్నాయి, ఎగరలేదు. ఎందుకంటే వీటి ఒంట్లో మనలాగా సొంత వేడి ఉండదు. రెక్కలు కదిపే కండలు ఎండకు కాగితేనే పనిచేస్తాయి. మబ్బు పడితే ప్రయాణం ఆగిపోతుంది. చినుకు పడితే అసలే కదలవు. కాబట్టి మీరు వెళ్ళే రోజు మబ్బు లేకుండా ఉండాలి. మళ్ళీ చెబుతున్నాను, ఎండ ఉన్న రోజే వెళ్ళండి.

ఈ నీలి చారల దాన్ని బ్లూ టైగర్ అంటారు. రెక్కలు పూర్తిగా విప్పితే తొమ్మిది, పది సెంటీమీటర్లు ఉంటుంది. దీనికి దగ్గరి చుట్టం ఇంకొకటుంది, డార్క్ బ్లూ టైగర్. దాని నలుపు ఇంకా చిక్కన, చారలు సన్నం. ఈ రెంటి ప్రజాతికీ శాస్త్ర గ్రంథాల్లో ఉన్న పేరు తిరుమల. 1880 ప్రాంతంలో ఫ్రెడరిక్ మూర్ అనే ఆంగ్లేయుడు పెట్టాడు. శేషాచలం కొండల్లో నిలబడి ఆ మాట చెబితే, నేను అప్పటికప్పుడు కల్పించానేమోనని పిల్లలు నా మొహంలోకి చూశారు. ఈ రెంటితో పాటు నల్లగా, రెక్క అంచుల్లో తెల్లచుక్కలతో కనబడేవి క్రో సీతాకోకచిలుకలు. వాటిలో కామన్ క్రో, డబుల్ బ్రాండెడ్ క్రో అని రెండు రకాలు. దక్షిణాదిలో ఈ కాలపు వలసల్లో ఎక్కువగా ఉండేవి ఈ నాలుగే. రెండు టైగర్లు, రెండు క్రోలు.

ఒక కుర్రవాడు తీగ దగ్గరే గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు. ఏమిట్రా అంటే, "సార్, పురుగులకి ఆరు కాళ్ళని చదువుకున్నాం. దీనికి నాలుగే ఉన్నాయి" అన్నాడు. వాడు చూసింది సరిగ్గానే చూశాడు. ఈ జాతి సీతాకోకచిలుకల్లో ముందు జత కాళ్ళు బాగా చిన్నవైపోయి ఛాతీకి ముడుచుకుని ఉంటాయి. నిలబడ్డానికి, నడవడానికి వాడేది వెనక నాలుగు కాళ్ళే. పుస్తకంలో చదివిన సంగతీ, కంటికి కనబడిన సంగతీ కలవకపోతే లెక్క మళ్ళీ చూసుకోవడం, మళ్ళీ అడగడం, ఆ కుర్రవాడికి ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

ఎనిమిది దాటాక కదలిక మొదలైంది. ఒక్కొక్కటే లేచి రోడ్డు వైపు వెళ్ళాయి. రోడ్డు పక్కన గిలిగిచ్చ మొక్కలున్నాయి. తెలుసు కదా, ఎండిన కాయ ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. పొలంలో పచ్చిరొట్ట ఎరువు కోసం చల్లే జనుముకు ఇది చుట్టమే. దాంట్లో ఒక మొక్క విరిగి ఎండిపోయింది. పచ్చటి మొక్కల్ని వదిలేసి సీతాకోకచిలుకలన్నీ ఆ ఎండిన దాని మీదే మూగాయి. పూవు లేదు, తేనె లేదు. ఎండిన కాడను పట్టుకుని తొండంతో దాన్ని తడుపుతున్నాయి, తడిపి పీలుస్తున్నాయి. వేలు పెట్టి తాకినా లేవలేదు.

అక్కడ జరిగేదేమిటో చెబుతాను. గిలిగిచ్చలో చేదు విషపదార్థం ఉంటుంది. పశువులు మేస్తే జబ్బు పడతాయి. అదే పదార్థం కోసం ఈ జాతిలో మగవి ఎగబడతాయి. దాన్ని ఒంట్లో దాచుకుంటే పక్షులు నోట పెట్టుకోవు. అంతేకాదు, ఆడదాన్ని మెప్పించే పరిమళం తయారుకావాలన్నా వాటికి అదే కావాలి. మగ బ్లూ టైగర్ వెనక రెక్క మీద చిన్న సంచీ లాంటి మడత ఉంటుంది. పరిమళం సంగతంతా అక్కడే. విషాన్ని అత్తరు చేసుకునే పురుగు ఇది. కలుపు మొక్కని మనం పీకి పారేసే గిలిగిచ్చ మీద దాని పెళ్ళీ ఆధారపడింది, ప్రాణమూ ఆధారపడింది.

ఇక లెక్క. అది పిల్లలకు మహా సరదా. రోడ్డుకు ఆ పక్కన ఒక మద్దిచెట్టు, ఈ పక్కన ఒక కిలోమీటరు రాయి. రెంటికీ మధ్య ఒక గీత ఉందనుకోమన్నాను. ఐదు నిమిషాల్లో ఆ గీతను ఎన్ని దాటాయో ఒకరు పైకి లెక్కపెట్టాలి, ఒకరు రాసుకోవాలి. ఎటు నుంచి ఎటు పోతున్నాయో ఫోనులో దిక్సూచి పెట్టి చూడాలి. అయితే ఒక నియమం. వెనక్కి వచ్చినవి కూడా వేరే గడిలో రాయాలి. అది రాయకపోతే లెక్కకు అర్థం లేదు. పడమటికి ఎన్ని, తూర్పుకు ఎన్ని? రెండూ దాదాపు సమానమైతే అవి అక్కడే తిరుగుతున్నట్టు. ఒకవైపు బాగా ఎక్కువైతే పోతున్నట్టు. మా కాగితంలో ఒక గడి నిండిపోయి పక్కకు పాకింది. రెండో గడిలో నాలుగైదు గీతలే ఉన్నాయి. నిండిన గడి పడమరది.

మేమలా ఆకాశంలోకి చూస్తూ లెక్కలు అరుస్తుంటే మేకలు తోలుకుని ఒకాయన వచ్చాడు. "ఏంది సార్ జూస్తా ఉండారు?" అన్నాడు. చెప్పాం. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఇవి ఏటా పోతాయి సార్. మా నాయన ఉన్నెప్పుడు గూడా పోతా ఉన్నెయ్. ఇవి పోతే ఇంగ పెద్ద వాన దగ్గర్లో ఉన్నెట్టే" అన్నాడు. మళ్ళీ మేకల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు. మేం పొద్దంతా కష్టపడి పట్టుకున్న సంగతి ఆయన నడుస్తూ నడుస్తూ చెప్పేశాడు. వానకూ వీటికీ సంబంధం ఉందన్న మాట కూడా ఉత్తది కాదు.

ఎలాగంటారా? కొడగు, వయనాడు లాంటి చోట్ల జూన్ నుంచి సెప్టెంబరు దాకా కుండపోత. ఎండకు కాగితే తప్ప ఎగరలేని ప్రాణికి ఎండే లేని నెలలవి. అందుకని ఆ వానలు ముంచెత్తక ముందే, ఏప్రిల్, మే నెలల్లో, ఇవి తూర్పుకు బయలుదేరతాయి. మన వైపు అదే నైరుతి పలచగా కురుస్తుంది. ఒక రోజు వాన, రెండు రోజులు ఎండ. అడవిలో పాలు కారే తీగలన్నీ చిగురిస్తాయి. ఆ చిగుళ్ళ మీద గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు ఇక్కడే పుడతాయి. అక్టోబరు వచ్చేసరికి కథ తిరగబడుతుంది. ఇక్కడ ఈశాన్య వానలు తగ్గాక అంతా పొడిగా ఉంటుంది, తీగలు ఆకు రాలుస్తాయి. అక్కడి అడవి పచ్చగా, తేమగా ఉంటుంది. ఇవి పడమటికి పోతాయి. అంటే వేసవిలో తూర్పుకు, అక్టోబరు, నవంబరుల్లో పడమటికి. వానకాలం మారినప్పుడల్లా ఇవీ దిక్కు మార్చుకుంటాయి.

పటం మీద తిరుపతి నుంచి కొడగు కొండలకు గీత గీస్తే సుమారు 400 కిలోమీటర్లు. మధ్యలో మదనపల్లె, కోలారు, బెంగళూరు, మైసూరు. ఊళ్ళు, పొలాలు, ఫ్లైఓవర్లు. గ్రాము కూడా తూగని ప్రాణి వాటన్నిటి మీదుగా పోవాలి.

ఇక్కడ మీరొకటి గమనించాలి. మన నేలపట్టుకు, పులికాట్‌కు ఏటా పక్షులొస్తాయి. వాటిని చూడ్డానికి జనం కార్లు కట్టుకుని వస్తారు. పక్షుల్లో వచ్చిందే మళ్ళీ వెళ్తుంది, వెళ్ళిందే మరుసటేడు వస్తుంది. పాతవాటికి దారి తెలుసు, పోయినేడు చూశాయి కదా. సీతాకోకచిలుకల్లో అలా కాదు. మే నెలలో కొడగు నుంచి వచ్చినవి ఇక్కడే గుడ్లు పెట్టి ఇక్కడే కన్నుమూశాయి. ఈ అక్టోబరులో వెళ్తున్నవి వాటి పిల్లలు, మనవలు. ఇవి పడమటి కనుమల్ని ఎన్నడూ చూడలేదు. వెళ్తున్న చోటు తెలీదు, వెంట పెద్దలు లేరు. అయినా పోతున్నాయి. మళ్ళీ చెబుతాను, వచ్చినవి వేరు, వెళ్తున్నవి వేరు.

ఈ మాట చెప్పగానే ఏడో తరగతి చదివే ఒక పిల్ల, "మరి దారి ఎవరు చెప్పారు సార్?" అంది. దీనికి జవాబు కోసం అమెరికా దాకా వెళ్ళాలి. అక్కడ మోనార్క్ అనే సీతాకోకచిలుక ఉంది, మన టైగర్లకు దూరపు చుట్టం. కెనడా నుంచి, అమెరికా నుంచి బయలుదేరి మెక్సికో కొండల్లో చలికాలం గడుపుతుంది. సూర్యుణ్ణి చూసి దిక్కు తెలుసుకుంటుంది. కానీ సూర్యుడు ఒకచోట ఉండడు కదా. పొద్దున్న ఎడమవైపున్నవాడు సాయంత్రానికి కుడివైపుకొస్తాడు. అంటే టైమెంతయిందో కూడా తెలియాలి. ఆ గడియారం దాని మీసాల్లో ఉంది. 2009లో శాస్త్రవేత్తలు కొన్నిటి మీసాలకు నల్లరంగు పూశారు. వెలుతురు లోపలికి వెళ్ళక లోపలి గడియారం దారి తప్పింది. అవి ఒకే దిక్కుకు పోయాయి గాని, అది తప్పు దిక్కు. ఇంకొన్నిటికి రంగులేని పూత పూశారు, వెలుతురు వెళ్ళేలా. అవి సరైన దిక్కుకే పోయాయి. ఆ పిల్ల ఇదంతా విని, కొమ్మ మీదున్న దాని మీసాల దగ్గరికి మొహం పెట్టి ఊపిరి బిగబట్టి చూసింది.

బెంగళూరులో నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ అనే సంస్థ ఉంది. అక్కడ కృష్ణమేఘ్ కుంటే బృందం మన దక్షిణాది వలసల మీదే పనిచేసింది. వలసలో ఉన్న ఆడవాటిని పరిశీలిస్తే వాటి కడుపులో గుడ్లు బాగా తక్కువ. ఉన్న సత్తువంతా ఎగరడానికే. సంసారం సంగతి చేరాక చూసుకుందామని వాయిదా వేసుకుంటాయన్నమాట.

తలకోన దూరం అనుకునే శ్రోతలుంటారు. మీరంత దూరం పోనక్కర్లేదు. తెలంగాణలో ఉన్నవారు వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవి అంచుకు వెళ్ళి చూడొచ్చు. అదీ కుదరకపోతే మీ ఊళ్ళో రేలచెట్టు ఉందేమో చూడండి. లేత పసుపు, తెలుపు కలిసిన రెక్కలతో వేగంగా, తిన్నగా పోయే సీతాకోకచిలుక ఒకటుంది, ఎమిగ్రెంట్ అంటారు. దాని గొంగళిపురుగు రేల ఆకు తింటుంది. అదీ గుంపులుగా వలస పోయేదే. ఇంటి ముందు గన్నేరు ఉందా? ఆకు అడుగున వెతకండి. కామన్ క్రో గూడు దొరకవచ్చు. వెండిరేకు చుట్టిన మిఠాయి ముక్క వేలాడుతున్నట్టు ఉంటుంది. అంత మెరుపు. దగ్గరగా చూస్తే మీ మొహమే కనబడుతుంది.

మా రాయలసీమలో నన్నారి షర్బత్ తాగని వాళ్ళుండరు. అది సుగంధిపాల తీగ వేరు నుంచి వస్తుంది. కామన్ క్రో గొంగళిపురుగుకు ఆ తీగ ఆకూ తిండే. వేరు తవ్వితే తీగ పోతుంది. నేనూ ఎండాకాలంలో ఆ షర్బత్ తాగేవాణ్ణే, మానలేదు. అయితే ఇప్పుడు పెరట్లో రెండు తీగలు పాకించాను. వాటి వేరు తవ్వను.

తలకోన వైపు వెళ్ళేవారికి రెండు జాగ్రత్తలు. అది శ్రీ వెంకటేశ్వర జాతీయ పార్కు పరిధి. రోడ్డు దిగి అడవిలోకి వెళ్ళాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోండి. ఎర్రచందనం కొండలు కాబట్టి చెక్‌పోస్టులో సంచులు చూస్తారు, ప్రశ్నలు వేస్తారు. విసుక్కోకండి, వాళ్ళ పని వాళ్ళది. వలలు, సీసాలు పట్టుకెళ్ళకండి. రెండోది, పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా కనుమ రోడ్డు మీద బండి నిదానంగా పోనివ్వండి. ఇవి రోడ్డు దాటేటప్పుడు చాలావరకు మన నడుమెత్తున ఎగురుతాయి. సరిగ్గా కారు అద్దం ఎత్తు. ఆ రోజు తిరుగుదారిలో ఒక మలుపు దగ్గర రోడ్డంతా నీలి రెక్కలు చూశాం. పిల్లలు కాసేపు మాట్లాడలేదు.

మీరు రాసుకున్న లెక్కను చిత్తుకాగితం అనుకోకండి. తేదీ, ఊరు, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు, ఐదు నిమిషాల్లో ఎన్ని. ఈ నాలుగూ ఉంటే అది పనికొచ్చే సమాచారం. ఫొటో ఉంటే ఇంకా మేలు. బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో గాని, ఐనాచురలిస్ట్‌లో గాని పెట్టవచ్చు. తేదీ, ఊరు, దిక్కు, లెక్క. రాసుకున్నారు కదా?

వేసవిలో ఇవి మళ్ళీ మన వైపు వస్తాయి. అప్పుడు కొత్తగా చూడాల్సింది ఒకటుంది. ఇప్పుడు వెళ్తున్నవి కొత్తగా గూడు వీడినవి కాబట్టి నీలం మెరుస్తూ ఉంది, అంచులు చెక్కుచెదరలేదు. మే నెలలో వచ్చేవి చూడండి. చాలావాటికి రెక్క అంచులు చిరిగి ఉంటాయి, పొలుసు రాలి నీలం వెలిసిపోయి ఉంటుంది. కొన్నిటికి వెనక రెక్కలో ఒక ముక్కే ఉండదు, పక్షి ముక్కు వేసి రుచి నచ్చక వదిలేసిన గుర్తు. అవి పడమటి కనుమల నుంచి అంత దూరం ఎగిరి వచ్చినవి. గుడ్లు పెట్టడానికి పాలతీగ వెతుక్కుంటూ ఆకు ఆకునూ ముందు కాళ్ళతో తట్టి చూస్తుంటాయి. నిలబడ్డానికి పనికిరావని చెప్పానే, ఆ పొట్టి కాళ్ళు. ఆడదానికి అవి ఆకు రుచి చూసే కాళ్ళు.